లోపలికి జరగండి, ఖాళీ ఉంది

అక్కయ్యకి తమ్ముడి నమస్కారం. ముందు మంచి కబురు: ఊపిరితిత్తిలో గడ్డ సగానికి సగం కరిగిందని డాక్టరమ్మ చెప్పింది. చిన్న కణాల క్యాన్సర్ అంటారు గానీ దీని పరుగు ఎక్స్‌ప్రెస్ బండిది, అందుకే మందు ఇంకా ఆపరట.

నీ మరదలి పోరు పడలేక, ఆసుపత్రిలో ఈ జబ్బువాళ్లంతా కూర్చుని మాట్లాడుకునే చోటికి వెళ్లాను. ఏడుపులు వినాలేమోనని భయపడ్డాను. తీరా చూస్తే అందరూ గుమ్మం దగ్గరే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు, లోపల కుర్చీలన్నీ ఖాళీ. కండక్టరు నోరు ఊరుకుంటుందా? "లోపలికి జరగండి, ఖాళీ ఉంది!" అని అరిచేశాను. బుద్ధిగా జరిగారు! ఒక పెద్దాయన "టికెట్టు ఎంత బాబూ?" అన్నాడు. నవ్వీ నవ్వీ అందరం దగ్గాం. ఒక్కరూ జాలిగా చూడలేదక్కా.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని టోపీ మీ ఇంట్లోనే ఉండిపోయింది, వచ్చేటప్పుడు పట్టుకురా. అవును, మొన్న రావద్దన్న నోటితోనే రమ్మంటున్నాను. శనివారం ఆసుపత్రిలో మాతోపాటు ఇంటివాళ్లు కూడా కూర్చోవచ్చట. పిల్లలకి నా దీవెనలు.

సీట్ల మీద తువ్వాళ్లు వేసేవాళ్లతో ఉద్యోగమంతా పోట్లాడినవాణ్ణి. నీకోసం నా పక్క కుర్చీలో తువ్వాలు వేసి ఉంచుతాను.