బాతు చూర్ణానికి సంతకం

చల్లపల్లి,
7-2-1947.

చిరంజీవి వెంకటకృష్ణారావుకు నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. నీ కులాసా సంగతి నువ్వు పంపిన ఫొటోలోనే కనిపించింది. టై కట్టుకుని బాతును చంకలో పెట్టుకున్నావు. ఇద్దరిలో బాతే ఏదో ఆలోచిస్తున్నట్టుంది.

నీ ఉత్తరమూ, అచ్చుకు పోబోయే కరపత్రం నకలూ అందాయి. "వెంకటకృష్ణా బాతుల బలచూర్ణం. మూలికలపై అయిదేళ్ళ స్వయంకృషి ఫలితం" అని మకుటం పెట్టావు. ఆ అయిదేళ్ళలో మూడేళ్ళు వ్యవసాయ కాలేజీ హాస్టల్లో ఇడ్లీలు బాగాలేవని అర్జీలు రాస్తూ గడిపావు. మిగిలిన రెండేళ్ళ సంగతి నేను అడగను.

దాని కింద నన్ను సంతకం పెట్టమన్నావు. థర్డు ఫారం దాకా చదివిన ముసలమ్మ మాటంటే గురువారం వచ్చే పశువైద్య శాఖ ఆఫీసరు గారికి గురి కుదురుతుందనీ, ఆయన మెచ్చితే సర్కారు బాతుల ఫారం నీ చేతికొస్తుందనీ రాశావు. చదువుకున్నదాన్ని గనక చదవకుండా సంతకం పెట్టను. చదివాను గనక అసలే పెట్టను.

జరిగింది నాకు గుర్తుంది. పోయిన వానాకాలం బెజవాడ పటమటలో రేకుల షెడ్డు వేసి, రెండు వందల బాతుల్ని లోపలికి తోలి గడియ పెట్టావు. కోసిన చేలో పరిగె గింజలూ నత్తలూ ఏరుకు తినే పక్షికి మిల్లు నూకలు పోసి కూర్చోబెట్టావు. నెల తిరిగేసరికి కాళ్ళు పట్టు తప్పి కూలబడ్డాయి. అప్పుడు నీకు చూర్ణం తట్టింది. రోగం మనమే తెచ్చిపెట్టి మందు మనమే కనిపెట్టడం పెద్ద చదువుల్లో నేర్పుతారు కాబోలు.

మునగచెట్లు మన దొడ్లో ఉన్నాయని తయారీ మా నెత్తిన పెట్టావు. కార్తీకంలో వచ్చి కాయితం చేతికిచ్చావు. మునగాకు మిల్లు రేకుల మీద ఎర్రటి ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టాలట, సగానికి సగం నేలవేము కలపాలట. మన బాతుల్ని నలభై ఏళ్ళుగా మేపుతున్న బుల్లెమ్మ, ఎండలో ఆకు సారం పోద్ది చిన్నబాబుగారూ, నీడన ఆరబెట్టాలి, ఆ చేదుకి బాతు మూతి కూడా పెట్టదండీ అని చెప్పింది. బాతులు తోలుకునేదానికి సైన్సు ఎందుకే, చెప్పింది నూరు, అన్నావు. నువ్వు నడక నేర్చుకున్నది ఆ బాతుల వెనకే, ఆమె వేలు పట్టుకునే. బుల్లెమ్మ రోకలి తీసుకుంది.

మొదటి రెండు బస్తాలు అయ్యేసరికి ముప్ఫై బాతులు చచ్చాయి. తరవాతి బస్తాలతో మిగిలినవి లేచి నడిచాయి, గుడ్లు కూడా పెడుతున్నాయి. చెంచాకు బదులు చెంచాన్నర వేయడమే రహస్యమనీ, ఆ మోతాదు నీ బుర్రకే తట్టిందనీ నాలుగు పేజీలు రాశావు. ఆ నాలుగూ బుల్లెమ్మకు చదివి వినిపించాను. బాబుగారి చెంచా మంచిదండీ అమ్మగారూ అంది. అని మళ్ళీ చాట అందుకుంది.

కరపత్రం వెనక పేజీలో నీ కాయితంలోని పాళ్ళన్నీ పొల్లుపోకుండా వేయించావు, ఊరూరా రైతులు చేసుకోవచ్చని. మంచి మనసే. నాకు దిగులు కలిగించింది కూడా అదే.

ఇట్లు,
నీ చూర్ణం కన్నా నీ మీద ఆశ ఉన్న నాయనమ్మ,
రామతులసమ్మ.

తా.క. నీ కాయితం ప్రకారం నూరినవి ఆ మొదటి రెండు బస్తాలే. ముప్ఫై చచ్చాయని నీ ఉత్తరం వచ్చిననాడే ఆ కాయితాన్ని పొయ్యిలో పెట్టాను. ఆ తరవాత నీకు చేరినవన్నీ బుల్లెమ్మ ఆకు నీడన ఆరబెట్టి, నేలవేము మానేసి, పసుపూ వెల్లుల్లీ చేర్చి, తన పాళ్ళతో నూరినవి. బస్తాల మీద నీ పేరు రాసింది నేను. అది నా తప్పు. నువ్వు అచ్చు వేయించబోయేది బాతులు చచ్చిన పాళ్ళు.

గురువారానికి నీ షెడ్డులో పిడికెడు చూర్ణం కూడా మిగలదు. ఇక్కడ ఒక బస్తా మూతి కట్టి ఉంది. పాళ్ళు చెప్పవే అని నేనడిగితే బుల్లెమ్మ చెప్పలేదు, అడగాల్సినోళ్ళు అడిగితే చెబుతానండీ అంది. బుధవారం పొద్దుటి బస్సుకి రా. ముందు మన ఇంటికి కాదు, ఆమె ఇంటికి వెళ్ళు. కరపత్రం మీద ఎవరి పేరు ఉండాలో అక్కడ తేల్చుకుని వస్తే సంతకం పెడతాను. టై మాత్రం బెజవాడలోనే వదిలి రా, ఆమె బాతులు బెదురుతాయి.