కుడి సైలెన్సర్

అన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ జోడు సిలిండర్ల పాత బండిని నేనే పాడు చేశాను. సౌండ్ మస్తుగా రావాలని రెండు సైలెన్సర్ల లోపలి జాలీలూ పీకేశాను. అమీర్‌పేటలో మన గల్లీ అంతా అదిరింది గానీ, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కలేక బండి దగ్గింది.

“బయటికి పోయిన గాలి జర ఎనక్కి కొట్టాలె తమ్మీ, గప్పుడే బండి గుంజుతది” అని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో.

ఈ పొద్దున మన షెడ్డులో ఆ జాలీలు మళ్లీ బిగించాను. బండి స్టార్ట్ చేసి, నీలాగే రెండు అరచేతులూ తడిపి సైలెన్సర్ల వెనక పెట్టాను. రెండు చేతులకూ గాలి సమంగా కొట్టింది.

“అచ్చం మీ అన్న ఉన్నప్పటి సప్పుడే” అంది వదిన. ఇక వినలేక తనే తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

ఎడమ చేతికి గాలి ఆగిపోయింది. కుడి చేతికి ఆగలేదు. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా, మెల్లగా, వెచ్చగా తగులుతూనే ఉంది.

“బంద్ చేసిన గదా, చెయ్యి తీస్తలేవేంది?” అంది వదిన.

నేను జరిగి చోటిచ్చాను. ఆమె వంగి తన అరచేయి పెట్టింది.

ఆమె మొహం చూశాక, నేను బయటికి వచ్చి షెడ్డు తలుపు దగ్గరగా వేశాను.