కొసరి వడ్డించే ఏడాది

విన్నిపెగ్, కెనడా

ప్రియమైన నానమ్మకు,

నీ మనవరాలు షారోన్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాన్న, నేను క్షేమం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బాబాయినడిగితే "బానే ఉందిలే" అంటాడు. ఆయన మాట నేను నమ్మను.

ఇక్కడ డిగ్రీ అయ్యాకే మెడిసిన్‌కి అప్లై చేయాలి కదా, నేను వెంటనే చేయకుండా ఒక ఏడాది ఆగానని నాన్న నీతో ఫోన్‌లో బాధపడ్డాడట. చదువు మానలేదు నానమ్మా. కొన్నాళ్లు పెద్దవాళ్లకు సేవచేసి, మనుషులను దగ్గరగా చూసి, అప్పుడు డాక్టర్నవ్వాలని ఆశ. నాన్నకది ఎక్కలేదు. చర్చిలో ఎవరైనా నా మెడిసిన్ సంగతి ఎత్తితే చాలు, మాట చలి మీదికి మళ్లించేవాడు. ఇక్కడ చలికి కొదవ లేదు కాబట్టి సరిపోయింది.

నేను పనిచేసేది ఓల్డేజ్ హోమ్‌లో, భోజనాల దగ్గర. మొదటి వారమే చీవాట్లు తిన్నాను. హెలెన్ గారని ఒక పెద్దావిడ రెండు చెంచాల సూప్ తాగి చాలంది. మొహమాటం కాబోలనుకుని ఇంకో గరిటె వేశాను. వద్దంటున్నా వినలేదు. సూపర్‌వైజర్ పక్కకు పిలిచి, ఇక్కడ వద్దంటే వద్దనేనని గట్టిగా చెప్పింది. నిజమే. కానీ నీ చేతి భోజనం తిని పెరిగినదానికి ఆ మాట ఎక్కడ వినపడుతుంది!

మర్నాటి నుంచి బుద్ధిగా ఒక్కసారే అడిగి ఊరుకున్నాను. కొన్నాళ్లకు హెలెన్ గారే గిన్నె నా వైపు జరిపి, "ఏం, ఇవాళ బతిమాలవా?" అంది. ఎంత సంతోషమేసిందో! ఇప్పుడది మా ఇద్దరి ఆట. ఆమె వద్దంటుంది, నేను బతిమాలతాను, గిన్నె ఖాళీ అవుతుంది. సూపర్‌వైజర్ కూడా చూసి నవ్వుతుంది.

మొన్న మంచు ఎక్కువగా ఉందని నాన్న నన్ను తీసుకెళ్లడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ ఆటంతా చూశాడు. ఇంటి ముందు కారు ఆపి, "అచ్చం మా అమ్మవే" అన్నాడు.

ఆదివారం చర్చిలో ప్రసాద్ అంకుల్ మళ్లీ అడిగారు, "అమ్మాయి మెడిసిన్ ఎందాకా వచ్చిందండీ?" అని. నాన్న చలి మాట ఎత్తలేదు. "ఈ ఏడు అన్నం పెట్టడం నేర్చుకుంటోందండీ. మందులివ్వడం తర్వాత నేర్చుకుంటుంది" అన్నాడు.

ఎవరైనా వస్తుంటే కందిపొడి పంపు. బాబాయికి, పిన్నికి, పాస్టర్ గారికి వందనాలు. అప్లికేషన్ పెట్టేటప్పుడు చెబుతాను, నా కోసం ప్రార్థన చెయ్యి.

అన్నట్టు, ఆదివారం భోజనంలో నాన్న చాలు చాలన్నాడు. నేను వినలేదు. మారు మాట్లాడకుండా తినేశాడు.

నీ దీవెన కోరే
షారోన్