కంకిపాడు హారన్లకు జత

పటమట,
ఏప్రిల్ చివరి వారం.

నా షాహీదాకి,

బందరు వెళ్ళాక నీకు ఆయాసం తగ్గిందని మీ అమ్మాయి జుబియా మా కోడలితో చెప్పిందట. సంతోషం. ఇక్కడ మాకు గాలి లేదు, ఎండ మాత్రం ధారాళంగా ఉంది. లిఫ్టు మళ్ళీ ఆగింది. మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసరికి ఏ పని మీద కిందికి దిగానో మర్చిపోయాను. కూర్చుంటే లేవాలనిపించదు, లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తుంది. మొత్తానికి బాగానే ఉన్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అడుగుతావు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు సగమే అందుతోంది. మిగతా సగం నేనే కల్పించుకుని జవాబిస్తున్నాను. నువ్వు మర్యాదస్తురాలివి కాబట్టి సర్దుకుపోతున్నావు. ఇక చాలు. నీకొక్కదానికే చెబుతున్నా, విను. మొన్న నా బల్ల ముందు కూర్చుని పరీక్ష కూత పుట్టించే సిగ్నల్ జనరేటర్ తిప్పుతున్నాను. కూత సన్నబడుతూ సన్నబడుతూ పైకి పోయి, నాలుగు వేల హెర్ట్జ్ దాటాక ఆగిపోయింది. వైరు ఊడిందనుకున్నాను. ఊడలేదు. స్పీకరు కాలిందేమోనని ఇంకొకటి తగిలించాను. అదీ మూగే. అప్పుడు ఆసిలోస్కోపు వంక చూశాను. తెర మీద అల నిక్షేపంలా ఆడుతోంది. మన పాలిటెక్నిక్‌లో అంతమంది ఆడపిల్లలకు ఫాల్టు ఎక్కడుందో వెతకడం నేర్పినదాన్ని, అన్నిటికంటే పాత భాగాన్ని అన్నిటికంటే చివర అనుమానించాను. ఇంతలో వంటింట్లోంచి కనకలక్ష్మి చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చి, "ఏంటత్తయ్యా ఆ కూత!" అంది. "పరీక్ష చేస్తున్నా" అన్నాను. అబద్ధం కాదు. తప్పిందెవరో మాత్రం చెప్పలేదు.

నా వ్యాపకం నీకు తెలిసిందే. పాతకాలపు గాజు బుడ్ల వాల్వ్ యాంప్లిఫయరు ఒకచోట, స్పీకర్లు ఇంకోచోట కొనుక్కుని, రెండూ కలిపాక పాట ఎందుకు చెడిందో తెలియనివాళ్ళంతా నా గుమ్మం ఎక్కుతారు. నువ్వు లెక్కల మేడంవి కాబట్టి ఇంకొక్కసారి చెప్పక తప్పదు. ఈ వాల్వ్ సెట్లకు బలం తక్కువ. మొండి స్పీకరు తగిలిస్తే రొప్పుతాయి. కొంచెం కరెంటుకే గట్టిగా పలికే స్పీకరు చూసి జతచెయ్యాలి. పైగా సెట్టు వెనక నాలుగు ఓమ్స్, ఎనిమిది, పదహారు అని వేరువేరు చోట్లు ఉంటాయి. స్పీకరు ఎన్ని ఓమ్స్‌దైతే ఆ చోటే తగిలించాలి. ఇంతే విద్య. ఇంతమాత్రానికి డెల్టా అంతా నన్ను పెళ్ళిళ్ళ పేరమ్మలా చూస్తోంది. ఆ చూపు కోసమే పొద్దున్నే లేస్తున్నానేమో కూడా. అది కాస్తా పోతే, నాకు మిగిలేది బీపీ మాత్రలు, ఆ లిఫ్టూ.

కంకిపాడు నుంచి వెంకటకృష్ణారావని ఒకాయన వచ్చాడు. వాళ్ళ నాన్నగారి సినిమాహాలు పడగొట్టి కల్యాణమండపం కడుతున్నారు. తెర వెనక ఉండే హారన్ స్పీకర్లు రెండింటినీ పాత ఇనుము కింద పోనివ్వకుండా ఇంటి హాల్లో పెట్టుకున్నాడు. వాటికి తగిన వాల్వ్ సెట్టు నన్నే కట్టమంటాడు. హాలంతా వినపడటానికి చేసిన హారన్లు, షాహీదా. దోమ తుమ్మినా చాటుతాయి. ఒప్పుకున్నాను. మీటరుంది, స్కోపుంది, చెవులదేముంది? ఇదే ఆఖరిది. తర్వాత మోకాళ్ళు సహకరించడం లేదని చెప్పి బల్ల మూసేస్తాను. నింద మోకాళ్ళ మీదకు తోస్తాను, అవి తిరిగి మాట్లాడవు కదా.

ఎవరికీ చెప్పకు.

నీ
రావమ్మ


పటమట,
మే నెల, ఎండ.

షాహీదా,

కట్టాను, ఇచ్చాను, వచ్చాను. నడుము ఇంకా కంకిపాడులోనే ఉంది.

ఆ హాలు, ఆ హారన్లు నువ్వు చూడాలి. ఒక్కొక్కటీ నిలువెత్తు, బీరువా తలుపు తీసినట్టు నోరు. పదహారు ఓమ్స్‌వి. సరిగ్గా పదహారులోనే తగిలించాను. పాట పెట్టగానే వెంకటకృష్ణారావు కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు తెర వెనక కూర్చుని వినేవాడట. ఆయన భార్య వెంకటరత్నమ్మ మజ్జిగ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. పాట అయ్యాక చెయ్యెత్తి, "ఇప్పుడు నిశ్శబ్దం వినండి. మంచి సెట్టు గుణం పాటలో కాదు, పాట లేనప్పుడు తెలుస్తుంది" అన్నాను. అందరూ విన్నారు. అందరూ తలలూపారు. వెనక నుంచి ఆయన తమ్ముడెవరో "అది కాదండీ, ఆ..." అంటూ నోరు తెరవబోయాడు. ఎక్కడ చదువుకున్నావు నాయనా అని అడిగాను. మూసుకున్నాడు.

వచ్చేప్పుడు కారులో కనకలక్ష్మి ఎందుకో రేడియో పెట్టలేదు. బాగుందా అంటే, "బాగుంది అత్తయ్యా" అంది, కళ్ళు రోడ్డు మీదే ఉంచి. దాని మాటెప్పుడూ అంతే, ఉప్పు తక్కువ.

ఘనంగా ముగించానని సంతోషించాలి. నిద్రొస్తోంది.

రావమ్మ


పటమట,
జూన్. వానలింకా లేవు.

నా షాహీదాకి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇది ఎవరికైనా చెప్పకపోతే తిన్నది అరగదు.

ఉయ్యూరులో పెళ్ళికి వెళ్ళి వస్తూ దారే కదా అని కంకిపాడులో ఆగాం. చెప్పి వెళ్ళలేదు. వీధి తలుపు తీసే ఉంది. లోపల పాట వస్తోంది. గుమ్మంలో అడుగుపెట్టి నిలబడిపోయాను. నా హారన్ల నోళ్ళలో చీరలు కుక్కి ఉన్నాయి! ఒకదాన్లో ముదురాకుపచ్చ మంగళగిరి చీర, రెండోదాన్లో గళ్ళ చీర.

వెంకటకృష్ణారావు నన్ను చూసి, అద్దె బాకీ ఉన్నవాడిలా లేచాడు. "రండి మేడంగారూ... అంటే ఇవీ... ఆరేశామండీ."

"లౌడ్‌స్పీకర్లోనా?"

వెంకటరత్నమ్మ అప్పటికే ఆకుపచ్చ చీర కొంగు పట్టుకుని లాగుతోంది. అది లాగినకొద్దీ వస్తూనే ఉంది. సగం లాగి, ఇక సిగ్గెందుకనుకుందో ఏమో, కొంగు వదిలేసి నా వైపు తిరిగింది.

"సుయ్యిమని ఒకటే మోతండీ పంతులమ్మగారూ. పాటున్నా లేకపోయినా అంతే. కాలిన పెనం మీద నీళ్ళు జల్లినట్టు. తల పగిలిపోతంది. చీరలెడితే కాస్త నయంగా ఉంది."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మీరు నిశ్శబ్దం వినమన్నారు కదండీ. మేస్టరమ్మ వినమన్నాక, మోత వినపడతందని ఎలాగంటామండీ? మా మరిది అనబోతే ఆయన చదువు అడిగారు. టెన్త్ తప్పాడండీ, పాపం. ఆ రోజు అన్నం తిన్లేదు."

నేను పాట ఆపించి, మిగతా చీర లాగేసి, హారన్ నోటికి చెవి ఆనించాను. నాకు ఏమీ వినిపించలేదు. వాళ్ళ ముందు, ఆ ఇత్తడి నోట్లో తల పెట్టి, ఏమీ వినిపించక అలాగే ఉండిపోయాను. తల బయటికి తియ్యడానికి ధైర్యం చాలలేదు.

లోపం ఎక్కడో నాకు అక్కడే తెలిసింది. ప్రతి వాల్వ్‌లోనూ కాస్త బుస ఉంటుంది. మా ఇంట్లో మామూలు స్పీకర్లకైతే అది పైకి రాదు. మీటరు మీద చూసి ఇంతేగా అని వదిలేశాను. దోమ తుమ్మినా చాటే హారన్లని నీకు రాసినదాన్ని నేనే, ఆ బుసనూ చాటుతాయని ఆలోచించలేదు. చెవి ఉన్న మనిషికి ఆలోచనతో పనిలేదు, వింటే చాలు.

కారెక్కాక కనకలక్ష్మిని అడిగాను. "నీకూ వినిపించిందా?"

"వినిపించింది అత్తయ్యా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే, పటమట దాకా ఓమ్ సూత్రం మీద పాఠం చెప్పేవారు."

నవ్వొచ్చింది, కానీ నవ్వే ఓపిక లేదు. వాళ్ళెవరూ నాతో అబద్ధమాడలేదు, షాహీదా. తలలూపారు, అంతే. ఈ మధ్యకాలంలో నేను ఏ సెట్టయినా సరిచూసుకున్నది నా చెవులతో కాదు, మీటరుతోనూ కాదు, ఊగే ఆ తలలతో. ఇంతకుముందు జత కుదిర్చిన ఇళ్ళలో ఎన్నిట్లో ఎన్ని చీరలున్నాయో. వయసొస్తే చెవులు పోతాయి, అది అందరికీ ఉన్నదే. వినపడటం లేదన్న సంగతి కూడా వినపడకుండా బతికాను చూడు, అదే మింగుడు పడటం లేదు.

సాల్డరింగ్ ఐరన్ తీసి అటక మీద పెట్టించాను. బల్ల మీద పాత దుప్పటి కప్పాను. వెంకటకృష్ణారావుకు ఫోన్ చేయించి, వేరెవరినైనా చూసుకోమని చెప్పించాను. మోకాళ్ళ మీదకు నెట్టే ఓపిక కూడా లేకపోయింది.

నీ
రావమ్మ


పటమట,
జులై, ముసురు.

షాహీదా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు నీ మనవరాలి గురించి, ఒకటి నా గురించి. ఆ ఒక్క పేజీలోనూ "చెవులు పోతే పోయాయి, నీ నోటికి ఢోకా లేదుగా" అన్న ముక్కే పనికొచ్చేది. మిగతాదంతా జాలి. జాలి పడాలంటే నీ ఆయాసం మీద పడు.

విను. పోయిన ఆదివారం వెంకటరత్నమ్మ దిగింది. వెనక మొగుడు, ఆ వెనక ట్రాలీ ఆటోలో హారన్లు, సెట్టు. లిఫ్టు పనిచేస్తోంది కాబట్టి బతికాం. "మీరే కట్టారు, మీరే బాగుచెయ్యాలండీ. ఇంకోళ్ళెవరికో ఇద్దామంటే మా ఆయన ఒప్పుకోట్లేదు" అంది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవకుండానే, కనకలక్ష్మి వింటుండగా, "నాకు వినపడదమ్మా. ఆ మోత నాకు వినపడదు. వినపడని మోతని ఎలా తీస్తాను?" అన్నాను. పైకి అనడం అదే మొదలు. గదిలో ఎవరూ తల ఊపలేదు.

"నాకు వినపడుద్దిగా" అంది వెంకటరత్నమ్మ, ఆ మాత్రం దానికి ఇంత ఏడుపెందుకన్నట్టు.

దుప్పటి తీశాను. ఆవిడ హారన్ ముందు స్టూలేసుకుని కూర్చుంది. నేను సెట్టు వెనక. ఒక్కో వాల్వ్ మారుస్తూ, "ఇప్పుడు?" అంటాను. "ఉంది" అంటుంది. "ఇప్పుడు?" "ఉంది." "ఇది కొత్త వాల్వ్, పెట్టెలోంచి ఇప్పుడే తీశాను. ఇప్పుడు?" "ఉందండీ, ఉంది. కొత్తదైనా ఉంది. నన్ను అలా ఉరిమి చూసినా ఉంది." వెంకటకృష్ణారావు వంటింట్లోకి పారిపోయి కనకలక్ష్మికి కూర తరిగిపెట్టాడు.

చివరికి మొదటి వాల్వ్ మారిస్తే సగం తగ్గింది. మిగతా సగం ఎన్ని మార్చినా పోలేదు. అప్పుడు పదహారు ఓమ్స్ హారన్‌ని తీసి నాలుగు ఓమ్స్ చోట తగిలించాను. అలా రాసిన పిల్లలకు నేను మార్కులు కోసేదాన్ని. అక్కడ తగిలిస్తే హారన్‌కి చేరే జోరు సగానికి పడిపోతుంది. కానీ సినిమాహాలు నింపే హారన్‌కి ఒక ఇంటి హాల్లో అంత జోరుతో పనేముంది? బుసా సగమే చేరుతుంది. నేను పుస్తకానికి జతచేశాను, ఆ ఇంటికి కాదు.

"ఇప్పుడు?"

వెంకటరత్నమ్మ ముందుకు వంగింది. ఇంకా వంగింది. కనుబొమల మధ్య ముడి విడిపోవడం చూశాను. "పోయిందండీ" అంది. తర్వాత, మర్యాదకు అందేమోనని అనుమానించి, "ఏదీ, ఒట్టు?" అన్నాను. "మీకు అబద్ధం చెప్పి మళ్ళీ చీరలు నలుపుకుంటానా?" అంది.

భోజనాలయ్యాక వెళ్ళిపోయారు. బల్ల మీద దుప్పటి మళ్ళీ కప్పలేదు. ఇకమీదట ఎవరొచ్చినా చెవులున్నవాళ్ళని ఒకరిని వెంటబెట్టుకుని రమ్మంటాను, కాస్త నోరున్నవాళ్ళైతే మరీ మంచిది. చేతనైనంత కాలం చేస్తాను. చేతకావడం లేదన్న సంగతి ఇంకొకరు చెప్పేలా ఉంటే చాలు.

అదే అదననుకుని కనకలక్ష్మి నన్ను చెవి మిషన్ల సెంటరుకు లాక్కెళ్ళింది. చెవిలో పెట్టే మిషనంటే ఏమిటనుకున్నావు? ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరు. వాల్వ్‌లే గొప్పని జన్మంతా దాన్ని తిట్టి, చివరికి చెవిలో పెట్టుకోవాల్సొచ్చింది. అక్కడ క్రిస్టినా అని ఒక అమ్మాయి. చాలాసేపు కంప్యూటర్లో ఏవేవో గీతలు జరిపి, నా చెవికి జతచేసి, "ఎలా ఉందండీ మామ్మగారూ?" అంది. ఆ అడగడం, ఇనప బొచ్చెని గచ్చు మీద ఈడ్చినట్టు వినిపించింది. ఫ్యాను గీకుతోంది. నా చీర కుచ్చిళ్ళు కూడా గీకుతున్నాయి. కానీ పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు ఆ పిల్ల. కళ్ళు లోపలికి పోయాయి. పక్కనే కనకలక్ష్మి, నా మొహంలోకే చూస్తూ. నా తల ఊగింది, షాహీదా. నా ప్రమేయం లేకుండానే ఊగింది. "బాగుందమ్మా" అన్నాను.

సంచీ తీసుకున్నాను, చెప్పులేసుకున్నాను, గుమ్మం దాకా వచ్చాను. వీధిలో బస్సు హారన్ కొట్టింది. ఇంటికెళ్ళి ఆ మిషన్ని బీరువాలో చీరల మధ్య దాచేసే మనిషినని నాకు తెలిసిపోయింది. వెనక్కి తిరిగాను.

"అమ్మాయీ, బాగోలేదు."

"అయ్యో, ఇప్పుడేగా బాగుందన్నారు?"

"మర్యాదకన్నాను. ముందు నువ్వెళ్ళి ఏమైనా తినిరా. తర్వాత మొదట్నుంచీ చేద్దాం. నేనెక్కడికీ పోను."

కూర్చున్నాను.

నీ
రావమ్మ