ముట్టు లేని కోడలు

2003 జనవరి 20, మదనపల్లె
రేపే ఆపరేషన్. గర్భసంచి తీసేసి, జారిన గోడలను లోపలికి లాగి కుడతారట. నా కొడుకు కిరణ్ పుట్టినప్పటి నుంచి కాళ్ల మధ్య బంతిని మోస్తూ తిరుగుతున్నాను. కూర్చుంటే ఒత్తుతుంది, దగ్గితే చీర తడుస్తుంది. పీడ వదిలిపోనీ.

జనవరి 22
నిన్న వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు. నడుము కింద మొద్దుబారింది గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. కత్తెర చప్పుడంతా విన్నాను. తీసిన సంచిని స్టీలు ట్రేలో పెట్టి మా ఆయన నాగరాజుకు చూపించారట. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఈ రోజు నేను ఇడ్లీ తిన్నాను.

అదే రోజు, సాయంత్రం
లోపల కుక్కిన గాజుగుడ్డ లాగేశారు. మూరలు మూరలుగా వస్తూనే ఉంది. దేవుడా.

జనవరి 27
డిశ్చార్జ్. సువర్ణ సిస్టర్ ఆయన ఎదుటే చెప్పింది, మూడు నెలలు బిందె కూడా ఎత్తొద్దమ్మా, ముక్కొద్దు, కుట్లు తెగితే మళ్లా మొదటికొస్తావని. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఫిబ్రవరి 9, కుప్పం
తమ్ముడు సిద్దప్ప ఇంట్లో ఉన్నాను. ఈ రోజు కాళ్లు దగ్గరగా పెట్టి నడిచాను. ఏదీ జారలేదు, ఏదీ రాసుకోలేదు. మంచం చుట్టూ తిరిగి తిరిగి ఏడ్చాను. ఇంత సంతోషం నా పెళ్లిలో కూడా లేదు.

ఫిబ్రవరి 21
ఆయన వచ్చాడు. షెడ్డులో మా పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయట, అంటే ఆఖరిసారి పొర విడిచాయి. ఇక గూడు కట్టేదాకా రాత్రీపగలూ ఆకు మేస్తాయి. కూలోళ్లంతా టమాటా కోతకు పోతాండారు, నువ్వు ఊరికే కూర్చోని సూస్తే సాలు అన్నాడు. ఊరికే కూర్చోవడానికి కుప్పం నుంచి తీసుకుపోతారా? తమ్ముడు బస్సు టైము కనుక్కొచ్చాడు. మరదలు నా చీరలు సర్దేసింది.

ఫిబ్రవరి 22, పుంగనూరు పక్కన మా ఊరు
పురుగులు పెంచే మా షెడ్డులోకి ముట్టు మనిషి పోకూడదు. ముట్టు గాలి తగిలితే పురుగులు సున్నంలా గట్టిపడి చస్తాయని అత్త తిమ్మక్క నమ్మకం. అందుకే నెలకు మూడు రోజులు వసారాలో చాప మీద కూర్చునేదాన్ని. పెళ్లయ్యాక నాకున్న సెలవులు అవే. ఈ రోజు అత్త నన్ను ఎగాదిగా చూసింది. ముఖం వెలిగిపోయింది. ఇంగ నీకు ముట్టూ లేదు, అంటూ లేదు, నీ అంత శుద్ధమైన ఆడది యాడుండాది, షెడ్డు నీదేనమ్మే అంది.

గర్భసంచితో పాటు ఆ మూడు రోజులు కూడా కోసేస్తారని నాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 24
ఊరికే కూర్చున్నది ఒక్క పూట. తర్వాత మల్బరీ ఆకు మూటలు. సిస్టర్ వద్దంది కదా అన్నాను. అత్త నవ్వింది. నాగరాజును కన్నప్పట్నుంచి నా సంచీ కిందికి దిగే ఉండాది, గుడ్డ బిగించుకోని మోస్తాండా, నన్ను ఎవురు కోసినారు అంది. ఆయన అన్నీ విన్నాడు. మూట నా నెత్తికి ఎత్తింది ఆయనే. నీ చేతులు పడిపోను.

ఫిబ్రవరి 27
మూట ఎత్తుతుంటే లోపల పుటుక్కుమంది.

మార్చి 6
అద్దం పెట్టుకుని చూసుకున్నాను. బంతి మళ్లా వచ్చేసింది. చిన్నదే, ఎర్రగా. ఆయనతో చెప్తే వచ్చే పంట అయినాక సూస్తాంలే అన్నాడు. కొత్త పట్టుపురుగుల గుడ్లు అప్పుడే తెచ్చేశాడు.

మార్చి 11
గూళ్లు బాగా వచ్చాయి. ముట్టు లేని చెయ్యి మహిమ అని అత్త ఊరంతా చాటింది. ఈ రోజు పక్కింటి రాజేశ్వరమ్మ వచ్చింది. వాళ్లకూ షెడ్డు ఉంది. కోడలు భవ్యకు కూడా గర్భసంచి తీయించాలట, ఏ డాక్టరమ్మ అని అడిగింది. ఏం జబ్బు అన్నాను. జబ్బేం లేదట. మా డాక్టరమ్మ ఊరికే కోయదు అన్నాను. తెల్లబట్ట పోతాండాదని చెప్తే కోసేవాళ్లు దొరక్కపోతారా అంది. ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. కోడలి మీద. ఆ పిల్ల ఇప్పటికీ నెలకు మూడు రోజులు చాప మీద కూర్చుని జడ అల్లుకుంటుంది. మా వసారాలోంచి కనిపిస్తుంది.

మార్చి 14
భవ్య వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. వాళ్ల అత్త ఇంట్లో లేనప్పుడు చూసి వచ్చింది. నొప్పి ఉంటాదా అక్కా, తర్వాత బాగుంటాదా అని నా చెయ్యి పట్టుకుని అడిగింది.

హాయిగా ఉంటుంది, పొమ్మన్నాను.

నమ్మింది.