వేలిముద్రలు పడని చేయి

తమ్ముడు పెనియామినాకు,

నాన్నను పూడ్చిన రోజు విందులో, పెద్దకొడుక్కి రావాల్సిన పంది నడుము ముక్క నీ ముందు పెడితే నోరెత్తకుండా తీసుకున్నావు. అది నేనింకా మరిచిపోలేదు.

పని ఉండి రాస్తున్నాను. ఈ వయసులో పెళ్లి చేసుకున్నాను, నవ్వుకో. నా భార్య ఫువాటీనో ఆక్లాండ్‌లో ఉంటుంది. నన్ను అక్కడికి రానివ్వాలంటే, మనం చేపల ఫ్యాక్టరీలో పనిచేసిన, నువ్వింకా ఉంటున్న పాగోపాగో పోలీసులు నా మీద కేసుల్లేవని కాగితం ఇవ్వాలట. దానికి వేలిముద్రలు కావాలి. ఉప్పునీళ్లకు, కత్తులకు నా వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఇక్కడి పోలీసమ్మాయి రెండుసార్లు సిరా పూసి చూసింది.

"తాతా, నువ్వెవరో నీ వేళ్లు చెప్పట్లేదు. నిన్నెరిగినవాళ్లు పాగోపాగోలో సంతకం పెట్టాలి. అయినవాళ్లెవరూ లేరా?" అంది.

లేరన్నాను.

ఆ సంగతి ఫోన్‌లో చెబితే ఫువాటీనో, "తోడబుట్టినవాణ్ణే లేడన్నావు, రేపు నన్నూ లేదంటావు" అని పెట్టేసింది. మళ్లీ ఎత్తడం లేదు.

నిన్న స్టేషన్‌కు వెళ్లి, నాకొక తమ్ముడున్నాడని తల వంచుకుని చెప్పాను. వరసలో నిలబడ్డ ఊరివాళ్లంతా విన్నారు.

నువ్వు అక్కడి పోలీసుల దగ్గరికి వెళ్లి, ఈ ముసలాడు మా అన్నేనని సంతకం పెట్టు. ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి. చర్చిలో పిల్లల పండగ ఆదివారం లోపల జవాబు రావాలి.

నీ అన్న