వాకిట్లో బల్బు

శుక్రవారం రాత్రి, ఏప్రిల్ 1988

మా ఆయన నిద్రపోయాడు. నేను ఇది రాస్తూ కూర్చున్నాను.

పొద్దున లైన్‌మన్ వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. "పొద్దుమీకంగ అందరు ఒక్కపారే ఏస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది చెల్లె. ఒక్క బుగ్గ ఉంచుకొని తక్కినయి బందు చెయ్యుండ్రి" అన్నాడు. సరేనని సాయంత్రం వంటింట్లో బల్బు ఉంచి వాకిట్లోది ఆర్పేశాను. పొలంలో బావి కాడ ఉన్న ఆయన ఆ వాకిలి బల్బును చూసే కరెంటు ఉందో లేదో తెలుసుకుంటాడని నాకు తట్టనే లేదు.

మోటారు ఆగితే చూశాడట, ఫ్యూజు పోయింది. ఇంటి దిక్కు చూస్తే చీకటి. కరెంటే లేదనుకొని, మెయిన్ స్విచ్చి తీయకుండానే ఫ్యూజుకు కొత్త తీగ చుట్టడానికి చెయ్యి పెట్టబోయాడట. అంతలో పక్క పొలంలో మోటారు గుర్రుమంది. కరెంటు ఉందని అప్పుడు తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడట.

అన్నం కలుపుకుంటూ నవ్వుతూ చెప్పాడు ఈ మాట.

"బుగ్గ నేనే బందు చేసిన" అన్నాను.

"మంచిగనే చేసినవ్ తీ, లోడు తగ్గుతది" అన్నాడు.

రేపటి నుంచి వంటింట్లో బల్బు ఆర్పి కిరసనాయిలు ఎక్కబుడ్డి పెట్టుకుంటాను. వాకిట్లోది మాత్రం ముట్టను. ఇప్పుడే వేసి వచ్చాను, వెలుగుతోంది.

కానీ ఏదో ఒక రోజు ఆ బల్బే మాడిపోతే...